బహుళ వైకల్యాలున్న పిల్లల పెంపకం, బడి ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రుల కోసం రాసిన పేజీ ఇది. ఇంట్లో, బడిలో చేయగలిగిన పనుల గురించే ఇక్కడ చెప్పాం. మందులు, మోతాదులు, ఆపరేషన్ల సంగతి మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

బహుళ వైకల్యాలంటే రెండు మూడు వైకల్యాలు కలిసి ఉండడమేనా?

లెక్కకు అంతే, కానీ పిల్లల మీద వాటి ప్రభావం కూడికలా ఉండదు. వినపడని పాప కళ్లతో సైగలు చూసి భాష నేర్చుకుంటుంది. చూపు లేని బాబు చెవులతో అన్నీ పోల్చుకుంటాడు. రెండూ లేనప్పుడు ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. వినికిడి లోపానికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేకపోవడం) తోడైతే సైగ అర్థమైనా తిరిగి సైగ చేయడానికి చేతులు సహకరించకపోవచ్చు. అంటే ఒక లోపాన్ని పూడ్చుకోవడానికి ఏ శక్తి మీద ఆధారపడాలో, దాన్నే రెండో లోపం దెబ్బతీస్తుంది.

బడి వెతకడంలో చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. అంధుల బడి ‘ఫిట్స్ వస్తాయి కదా’ అంటుంది. బధిరుల బడి ‘నడవలేడు కదా’ అంటుంది. మామూలు బడి ‘మాట రాదు కదా’ అంటుంది. ఎవరికి వారు తమకు తెలియని భాగాన్నే ముందు చూస్తారు. కాబట్టి ‘ఇది ఏ వైకల్యానికి పెట్టిన బడి?’ అని కాకుండా, ‘మా పాప ఎలా చూస్తుంది, ఎలా వింటుంది, ఎలా కూర్చుంటుంది, తనకేం కావాలో ఎలా చెబుతుంది అన్నవి పట్టించుకుని పద్ధతి మార్చుకునే బడేనా?’ అని వెతకాలి. కింద చెప్పేవన్నీ దాదాపు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

బడికి ముందు ఏ పరీక్షలు చేయించి ఉండాలి?

చూపు, వినికిడి ముందు. ఈ రెండూ తేలకుండా ‘పలకదు, స్పందించదు’ అని ఎవరు రాసినా దానికి విలువ లేదు.

వినికిడికి బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచేది) బాగా ఉపయోగపడుతుంది. పిల్లలు చెయ్యెత్తి చెప్పనక్కర్లేదు, నిద్రలో ఉండగానే చేస్తారు. ఒకసారి బాగుందని వచ్చినా అంతటితో వదిలేయకండి. మధ్య చెవిలో నీరు చేరితే వినికిడి నెలల తరబడి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది చాలా ఎక్కువ.

చూపు విషయంలో తరచుగా దాటిపోయేది మెదడు సంబంధమైన చూపు లోపం. కంటి డాక్టరు చూసి ‘కన్ను బాగానే ఉంది’ అంటారు, పాప మాత్రం మనిషి ముఖంకేసి చూడదు. కన్ను పంపిన దృశ్యాన్ని మెదడు సరిగా అందుకోకపోవడం దీనికి కారణం. కదిలే వస్తువును చూసి, నిలకడగా ఉన్నదాన్ని పట్టించుకోకపోవడం, ఒకే రంగుకు ఆకర్షితం కావడం, దీపం వైపే చూస్తూ ఉండిపోవడం, వస్తువు కోసం చెయ్యి చాచేటప్పుడు తల పక్కకు తిప్పేయడం, గజిబిజి నేపథ్యంలో దేన్నీ పోల్చుకోలేకపోవడం దీని గుర్తులు. ఈ పిల్లలకు నల్లగుడ్డ పరిచి, దాని మీద ఒక్క వస్తువే పెట్టి, మాట ఆపి, చూడడానికి సమయమివ్వాలి. రంగురంగుల బొమ్మలతో నిండిన తరగతి గోడ వీళ్లకు సాయం చేయదు, అడ్డమే.

సొంతంగా నడవలేని పిల్లల తుంటి కీలు మెల్లగా గూడు నుంచి జారవచ్చు. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి బయటపడదు. సెరిబ్రల్ పాల్సీలో కదలిక ఇబ్బంది తీవ్రతను అయిదు స్థాయిలుగా చెప్పే పద్ధతి ఒకటి 1997 నుంచి వాడుకలో ఉంది, దాని పేరు జీఎంఎఫ్‌సీఎస్. మీ పిల్లలది 3, 4, 5 స్థాయి అయితే తుంటి ఎక్స్‌రే ఎన్నాళ్లకోసారి తీయించాలో ఎముకల డాక్టరును అడిగి తేదీ రాసుకోండి.

ఐక్యూ రిపోర్టులో ‘తీవ్ర మేధో వైకల్యం’ అని రాశారు. ఇక చదువు రాదనేనా?

ఆ అంకె ఎలా వచ్చిందో అడగండి. వేలితో చూపించమని, బ్లాకులు పేర్చమని, పేరు చెప్పమని అడిగే పరీక్షలో చేతులు కదలని పాపకు సున్నా వస్తే, అది తెలివికి వచ్చిన మార్కు కాదు. పరీక్ష వేళ కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టుకుందా, తల నిలబడేలా కూర్చోబెట్టారా, ముందురోజు ఫిట్స్ లేకుండా గడిచిందా, జవాబు చెప్పడానికి చూపు గానీ స్విచ్ (నొక్కితే పరికరం పనిచేసే మీట) గానీ ఒప్పుకున్నారా? వీటిలో దేనికైనా ‘లేదు’ అని జవాబొస్తే ఆ సంగతిని రిపోర్టులో రాయించండి.

బోధనకు నిజంగా పనికొచ్చేది, పాప ఇప్పుడు ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది అని చూసే పరిశీలన. కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్ అనే సాధనం ఇందుకోసమే 1990లో వచ్చింది. ఏ ఉద్దేశం లేని కదలిక మొదలుకొని భాష వరకు ఏడు స్థాయిలుగా చూస్తుంది. ఏడుపు, చూపు, ఒళ్లు బిగదీయడం, ముఖం తిప్పుకోవడం, అన్నీ అందులో లెక్కకు వస్తాయి. తర్వాతి మెట్టు ఏమిటో కూడా దాన్నిబట్టే తెలుస్తుంది.

మాట రాకముందే బొమ్మలు, సైగలు, పరికరాలు అలవాటు చేస్తే మాట పూర్తిగా రాకుండా పోతుందా?

పోదు. తల్లిదండ్రులను ఏళ్లకు ఏళ్లు ఆపేస్తున్న భయం ఇది. మాట రాగలిగిన పిల్లలకు ఇవి అడ్డు రావు, మాట రాని పిల్లలకు చెప్పుకునే దారి అవుతాయి. మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్న కాలమంతా పాపకు ఏడుపు తప్ప వేరే మార్గం ఉండదు.

చూపు, వినికిడి రెండూ తక్కువగా ఉన్నవాళ్లకు బొమ్మల కంటే వస్తువులతో మొదలుపెట్టడం మేలు. తినేముందు చెంచా, స్నానానికి ముందు తువ్వాలు, బయటికి వెళ్లేముందు కారు బెల్టు ముక్క చేతికి ఇవ్వండి. చిన్న బొమ్మకారు ఇస్తే లాభం లేదు. కళ్లతో చూసేవాళ్లకే అది కారు, తడిమి చూసేవాళ్లకు అదొక ప్లాస్టిక్ ముక్క. పాప శరీరానికి రోజూ తగిలేది ఏదో అదే గుర్తుగా పెట్టాలి.

మూడు నాలుగు వస్తువులతో మొదలుపెట్టి, జరిగే వరుసలో గళ్లపెట్టెలో పెట్టండి. పని అయ్యాక ఆ వస్తువును పాప చేత్తోనే ‘అయిపోయింది’ డబ్బాలో వేయించండి. నెదర్లాండ్స్‌కు చెందిన జాన్ వాన్ డైక్ చూపు, వినికిడి రెండూ లేని పిల్లలతో పనిచేస్తూ పెంపొందించిన పద్ధతి ఇది. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన పాపకు భయం తగ్గుతుంది. చాలామందిలో ముందుగా కనిపించే మార్పు అదే, కొత్త పదాల కంటే ముందే.

ఇది పనిచేయనప్పుడు కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. వస్తువును పని మొదలయ్యాక ఇవ్వడం. అమ్మ ఒక వస్తువు, టీచర్ ఇంకొకటి వాడడం. నాలుగు రోజులు చేసి ఆపేయడం, గుర్తు కుదరడానికి నెలలు పట్టవచ్చు. అన్నిటికంటే పెద్దది, జవాబు కోసం ఆగకపోవడం. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, కొందరికి ముప్పై కూడా కావాలి. మధ్యలో మళ్లీ అడిగితే మెదడు మొదటినుంచి మొదలుపెట్టాలి.

పాప చేతిని మీ చేత్తో పట్టి బలవంతంగా వస్తువు మీద పెట్టకండి. మీ చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండాలి. అప్పుడు వద్దనుకుంటే తీసేసుకోగలదు. బలవంతం అలవాటైన పిల్లలు చేతులు ఇవ్వడమే మానేస్తారు.

స్విచ్ వాడేవాళ్లకు దాన్ని చేతి దగ్గరే పెట్టాలనేం లేదు. ఏ కదలిక తేలిగ్గా, అలసట లేకుండా వస్తుందో అక్కడ పెట్టాలి. చాలాసార్లు అది తల పక్కన, లేకపోతే మోకాలి దగ్గర. రోజుకోచోట అమర్చితే పాప నేర్చుకునేది స్విచ్ వాడడం కాదు, వెతకడం.

మామూలు బడా, ప్రత్యేక బడా, ఇంటి దగ్గరే చదువా?

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, తోటి పిల్లల మధ్య ఉండే అవకాశాన్ని తేలిగ్గా వదులుకోవద్దు. ఇంటి దగ్గర చదువు ఆరోగ్యం కుదుటపడేవరకు ఏర్పాటుగానే ఉండాలి, అది కూడా ఎప్పటివరకో తేదీ రాసుకుని. ఇక మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది బోర్డు చూసి తేలేది కాదు. మామూలు బడిలో మూలన ఒంటరిగా కూర్చోబెట్టిన పాప ఎవరితోనూ కలిసినట్టు కాదు. ప్రత్యేక బడిలో రోజంతా చాప మీద పడుకోబెట్టిన బాబుకు ప్రత్యేకంగా అందింది ఏమీ లేదు.

వెళ్లి చూడండి. ప్రార్థన వేళో, వార్షికోత్సవం రోజో కాదు, భోజనానికి అరగంట ముందు వెళ్లి భోజనం అయ్యేదాకా ఉండండి. బడి అసలు రూపం తెలిసేది ఆ సమయంలోనే. పిల్లలను ముట్టుకునేముందు, కుర్చీ కదిపేముందు పెద్దవాళ్లు చెబుతున్నారా? తమకేం కావాలో చూపి చెప్పుకునే బొమ్మల పలకలు పిల్లల ఒళ్లో ఉన్నాయా, బీరువాలోనా? ఎవరైనా పాప చిన్న శబ్దం చేస్తే ఎంతసేపటికి ఎవరు తిరిగి చూశారు? తినిపించేవాళ్లు కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడా? నిలబడితే పిల్లల తల వెనక్కి వాలుతుంది, ముద్ద ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం పెరుగుతుంది. ఒకరు పాపను టాయిలెట్‌కు తీసుకెళితే మిగతావాళ్ల దగ్గర ఎంతమంది మిగిలారు? పెద్దపిల్లలకు బట్టలు మార్చే మంచం, తెర ఉన్నాయా?

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. ఏ పాపనైనా చూపించి, ‘నిన్న 10 నుంచి 11 వరకు తనేం చేసింది?’ అని. బాగా నడిచే తరగతిలో టీచర్ తడుముకోకుండా చెబుతారు. ‘అందరూ యాక్టివిటీ చేశారు’ అని వస్తే ఆ గంటలో ఏమీ జరగలేదనే అనుకోవచ్చు.

ప్రయాణ కాలం కూడా లెక్కలో వేసుకోండి. వెళ్లడానికి గంటన్నర పట్టే మంచి బడి కంటే ఇరవై నిమిషాల్లో చేరే ఓ మోస్తరు బడి ఈ పిల్లల్లో కొందరికి నయం. అలసిపోయిన మెదడుకు ఫిట్స్ ముప్పు ఎక్కువ, పాఠం ఎక్కేది తక్కువ.

‘మా దగ్గర సౌకర్యాలు లేవు’ అని చేర్చుకోకపోతే?

కారణాన్ని కాగితం మీద, తేదీతో అడగండి. నోటితో చెప్పింది మర్నాటికి మారిపోతుంది. వైకల్యం కారణంగా ఎవరినీ సాధారణ విద్యావ్యవస్థ నుంచి తోసిపుచ్చకూడదని ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం చెబుతుంది. ప్రపంచంలో అత్యధిక దేశాలు దానికి కట్టుబడ్డాయి. వ్యక్తి అవసరాన్నిబట్టి తగిన మార్పులు చేయాలన్నది కూడా అందులోనే ఉంది. మీ దేశపు చట్టంలో దీనికి సమానమైన సెక్షన్ ఏదో, ఫిర్యాదు ఎవరికి చేయాలో కనుక్కుని పెట్టుకోండి.

అయితే చట్టం చేత్తో పట్టుకుని మొదటిరోజే వెళ్లడం కన్నా, ‘సౌకర్యాలు’ అన్న పెద్దమాటను ముక్కలు చేయడం ఎక్కువసార్లు పనిచేస్తుంది. ఏ సౌకర్యం? ర్యాంపా, టాయిలెట్టా, తినిపించే మనిషా, ఫిట్స్ భయమా? నాలుగింటిలో మూడు తేలిగ్గా తీరేవే అయి ఉంటాయి. ఆరు వారాల ప్రయత్నకాలం అడగండి. చివర ఏం చూసి నిర్ణయిస్తారో ముందే రాసుకోండి.

ఐఈపీలో (ఒక్కో పిల్లకు విడిగా రాసే బోధన ప్రణాళికలో) ఏం ఉండాలి?

నాలుగైదు లక్ష్యాలు చాలు. ఇరవై రాసిన ప్రణాళికను ఎవరూ తెరవరు. ‘సంభాషణ మెరుగుపడుతుంది’ అన్నది లక్ష్యం కాదు. ‘రెండు వస్తువులు నల్లపలక మీద జానెడు ఎడంగా పెట్టి చూపినప్పుడు, 15 సెకన్లలోపు ఒకదాని వైపు చూపు నిలుపుతుంది, అయిదుసార్లలో నాలుగుసార్లు, వరసగా మూడు రోజులు’ అన్నది లక్ష్యం. ఎవరు చేయిస్తారు, రోజులో ఎప్పుడు, ఏ భంగిమలో, ఎక్కడ నమోదు చేస్తారు అన్నవి పక్కనే ఉండాలి. భంగిమ రాయకపోతే కూర్చుంటే చేయగలిగిన పనిని పడుకోబెట్టి అడిగి ‘రాలేదు’ అని గుర్తు పెడతారు.

ఫిట్స్, తినిపించడం, మందులు విడిగా ఆరోగ్య ప్రణాళికలో ఉండాలి. దానిమీద డాక్టరు సంతకం కావాలి.

దీంతోపాటు ఒకే పేజీలో పాప పరిచయం ఇవ్వండి. ‘ఔను’కు ఏం చేస్తుంది, ‘వద్దు’కు ఏం చేస్తుంది, నొప్పిగా ఉంటే ఎలా తెలుస్తుంది, దేనికి నవ్వుతుంది. రెండు నిమిషాల వీడియో జోడిస్తే కొత్త టీచరుకు పది పేజీల రిపోర్టుల కంటే ఎక్కువ ఉపయోగం.

కుర్చీలో ఎప్పుడూ ముందుకు జారిపోతుంటే?

బెల్టు బిగించేముందు సీటు లోతు చూడండి. మోకాలి వెనుకకు, సీటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు అంతకంటే పొడవైతే మోకాళ్లు మడవడానికి పిల్లలు నడుమును ముందుకు జరుపుకుంటారు, జారడం అక్కడే మొదలవుతుంది. నడుము పూర్తిగా వెనక్కి ఆనాలి. బెల్టు పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట ఉండాలి. తుంటి, మోకాలు, చీలమండ దాదాపు 90 డిగ్రీల్లో ఉండాలి. పాదాలు గాల్లో వేలాడకూడదు. కింద ఆధారం లేకపోతే తల నిలపడానికీ చేతులు వాడడానికీ బలం చాలదు. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. పిల్లలు పెరుగుతారు కాబట్టి ఆరు నెలలకోసారి కొలతలు సరిచూడండి. ఎంత మంచి కుర్చీ అయినా రోజంతా అందులోనే ఉంచకూడదు, భంగిమ మారుస్తుండాలి. ఒంటిమీద ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే అక్కడ ఒత్తిడి పడుతోందన్నమాట.

బడిలో తినిపించేటప్పుడు దగ్గు వస్తోందట.

దగ్గు, కళ్లలో నీళ్లు, తిన్నాక గొంతు తడితడిగా వినిపించడం, మాటిమాటికీ ఛాతీలో కఫం... ఇవి మింగుడులో ఇబ్బందికి గుర్తులు. కొందరికి దగ్గు కూడా రాకుండానే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాళ్లలో మళ్లీ మళ్లీ వచ్చే నిమోనియా ఒక్కటే ఆనవాలు కావచ్చు. మింగుడు చూసే స్పీచ్ థెరపిస్టు అవసరమైతే వీడియో ఎక్స్‌రే తీయిస్తారు. ఆహారం ఎంత మెత్తగా, ద్రవం ఎంత చిక్కగా ఉండాలో 0 నుంచి 7 వరకు అంకెలతో చెప్పే అంతర్జాతీయ కొలత ఉంది, దాన్ని ఐడీడీఎస్‌ఐ అంటారు. ‘మెత్తగా చేసి పెట్టండి’ అనకుండా ఆ అంకె రాసివ్వండి. గడ్డం కాస్త కిందికి ఉంచి, తినిపించేవాళ్లు పిల్లల కంటి ఎత్తులో కూర్చోవాలి. ముందు ముద్ద మింగాకే తర్వాతిది. తిన్నాక అరగంట నిటారుగా ఉంచాలి.

ఫిట్స్ వస్తే బడి ఏం చేయాలి?

గడియారం చూడాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి. నోట్లో వస్తువేదీ పెట్టకూడదు. చేతులు కాళ్లు అదిమి పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే, లేదా ఒకటి తర్వాత ఒకటి తెలివి రాకుండా వస్తే అత్యవసరం. డాక్టరు రాసిచ్చిన మందు, ఉదాహరణకు ముక్కులోకో బుగ్గలోకో వేసే మిడజోలం, ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒక్కరికే నేర్పితే వాళ్లు సెలవు పెట్టినరోజు ఎవరూ ఉండరు. కొన్ని సెకన్లపాటు చూపు నిలిచిపోయే చిన్న ఫిట్స్‌ను ‘ధ్యాస లేదు’ అని రాస్తుంటారు. అలాంటివి రోజుకు పదులసార్లు రావచ్చు. అనుమానం ఉంటే వీడియో తీసి డాక్టరుకు చూపండి.

చేయి కొరుక్కుంటోంది, తల కొట్టుకుంటోంది. మొండితనమా?

అలా అనుకునేముందు నొప్పి వెతకండి. పన్ను, చెవి, మలబద్ధకం, కడుపులోంచి పైకి తన్నే ఆమ్లం, తుంటి, బిగుతైన స్ప్లింటు (చేతికో కాలికో కట్టే ఆధారపు పట్టీ), నెలసరి. ఈ పిల్లల్లో మలబద్ధకం ఎంత ఎక్కువంటే, మేమైతే మొదట దాని గురించే అడుగుతాం. అవన్నీ లేవని తేలాక రెండు వారాలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, ఏం చేసింది, తర్వాత మనమేం చేశాం. కొరుక్కున్న ప్రతిసారీ పని ఆపేస్తున్నట్టు తేలితే, ‘చాలు’ అని చెప్పే మార్గం తనకు లేదన్నమాట. ఆ గుర్తును నేర్పి, మొదట్లో అడిగిన ప్రతిసారీ వెంటనే ఆపండి. అలవాటైతే కొరుక్కోవడం తగ్గుతుంది.

థెరపీల కోసం బడి మానిపించవచ్చా?

వారానికి ఒక గంట గదిలో చేసే వ్యాయామం కంటే, బట్టలు తొడిగేటప్పుడు, తినేటప్పుడు, కుర్చీ మారేటప్పుడు రోజుకు పదిసార్లు చేసే అదే కదలిక ఎక్కువ నేర్పుతుంది. థెరపిస్టును టీచరుకు నేర్పమని అడగండి.

ఎత్తలేకపోతున్నాం.

అది సహజం, సిగ్గుపడాల్సింది కాదు. మనుషులను ఎత్తే ఆరోగ్య సిబ్బందికే ఒకరు ఎత్తదగిన బరువు సుమారు 16 కిలోలని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ సూచించింది. పాప అంతకు చేరుకునేలోపే హాయిస్టు (మనిషిని ఎత్తే యంత్రం) గానీ, ఇద్దరు కలిసి ఎత్తే పద్ధతి గానీ ఏర్పాటు చేసుకోండి. నడుము పోయాక కాదు.

ఒంటి భద్రత గురించి బడితో ఎలా మాట్లాడాలి?

నేరుగా. బట్టలు ఎవరు మారుస్తారు, పేర్లతో. తలుపు మూసి ఒక్కరే ఉంటారా? ముట్టుకునేముందు చెబుతారా? పాప చెప్పుకునే పలకలో శరీర భాగాల బొమ్మలు, ‘వద్దు’, ‘నొప్పి’ తప్పకుండా ఉండాలి. ఎవరైనా ఏదైనా చేస్తే చెప్పడానికి మాటలే లేని పిల్లలు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. సూటిగా అడిగినందుకు నొచ్చుకునే బడి గురించి మరోసారి ఆలోచించండి.

ఏడాదైనా ఎదుగుదల కనిపించడం లేదు.

నెలకోసారి అదే పని, అదే కుర్చీలో, ఒక నిమిషం వీడియో తీయండి. రోజూ చూసే కళ్లకు కనపడనిది ఆరు నెలల వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అప్పటికీ మార్పు లేకపోతే లక్ష్యం మరీ పెద్దదై ఉంటుంది, దాన్ని సగానికి విడగొట్టించండి. వచ్చిన పనులు పోతుంటే మాత్రం ఆగకుండా న్యూరాలజిస్టును కలవండి. అది బడి సమస్య కాదు.

బడి అయిపోయాక?

14 ఏళ్ల నుంచే అడగడం మొదలుపెట్టండి. బడిలో వాడే పరికరం బడిదా, మీదా? బడిదైతే చివరిరోజు అది అక్కడే ఆగిపోతుంది, దాంతోపాటు పాప మాట కూడా. కాబట్టి సొంత పరికరానికి దరఖాస్తు ముందే పెట్టాలి. 18 నిండాక తల్లిదండ్రుల సంతకం చట్టరీత్యా చెల్లకపోవచ్చు. సంరక్షకత్వమో, నిర్ణయాల్లో తోడ్పాటు ఏర్పాటో మీ దేశంలో ఏది ఉంటే దానికి పుట్టినరోజుకు కనీసం ఏడాది ముందే కాగితాలు కదపండి. పిల్లల డాక్టర్ల నుంచి పెద్దల డాక్టర్లకు మారేటప్పుడు మందుల జాబితా, చివరి తుంటి ఎక్స్‌రే, బెరా రిపోర్టు, కుర్చీ కొలతలు, ఆ ఒక పేజీ పరిచయం ఒకే ఫైల్లో పెట్టి, నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.